లొల్లి కోసం కాచుకున్న వారం

ఆ రోజుల్లో మా వయసు వాళ్లెవరికీ కుదురు లేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఏడాది చదువు నీళ్లపాలయ్యాక, ఆ పోయిన ఏడాదిని ఎక్కడో ఒకచోట పట్టుకోవాలన్నట్టు అందరం తిరుగుతూనే ఉండేవాళ్లం. నాకైతే కుదురు లేకపోవడం ఉద్యమానికి ముందు నుంచే ఉంది. రేగొండలో మా అవ్వ (అమ్మను మేమలాగే పిలుస్తాం) "వీని అరికాళ్లల్ల చక్రాలున్నయే" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. అన్నం ముందు కూర్చున్నా నడుమ ఓసారి లేచి వాకిట్లోకి చూసి వస్తే గానీ ముద్ద దిగేది కాదు. అలాంటి నేను ఎం.ఏ.లో మనస్తత్వశాస్త్రం చదవడం, అందులో మనుషుల ప్రవర్తనను కదలకుండా కూర్చొని గమనించే పని నా నెత్తిన పడటం తలుచుకుంటే, దేవుడికి హాస్యం బాగానే తెలుసనిపిస్తుంది.

మా సారు కోస్తా నుంచి వచ్చినాయన. "చూడవయ్యా, పరిశీలకుడంటే గోడ మీద బల్లి. కదలకూడదు, కలగజేసుకోకూడదు, ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పకూడదు" అన్నాడు. మనుషుల్ని రోజంతా చూడలేం కాబట్టి రెండు దారులున్నాయట. వేళకొకసారి తలెత్తి, ఆ క్షణంలో ఎవరేం చేస్తున్నారో రాసుకోవడం ఒకటి. ఏదో ఒక సంఘటనను ముందే ఎంచుకొని, అది జరిగినప్పుడల్లా మొదలు నుంచి చివరిదాకా రాసుకోవడం రెండోది. మొదటి దానిలో మిగతా వేళంతా కూడా కూర్చునే ఉండాలి గదా, అది నా వల్ల కాదని రెండోదే పట్టుకున్నాను. నేను ఎంచుకున్న సంఘటన నల్లా దగ్గర లొల్లి (సారు మాటల్లో కుళాయి దగ్గర గొడవ).

ఎందుకంటే జనగామలో మా చిన్నమ్మ వాళ్ల గల్లీకంతా ఒకటే నల్లా. అది సరిగ్గా ఆమె అరుగుకు ఎదురుగానే ఉండేది. తెల్లవారకముందే ఆడవాళ్లు వచ్చి వరుసలో బిందెలు పెట్టి పోయేవాళ్లు. బిందె ఖాళీగా లేనివాళ్లు రాయి పెట్టేవాళ్లు. ఆ గల్లీలో రాయికీ బిందెకీ ఒకటే మర్యాద. నీళ్లొచ్చేసరికి ఎవరి రాయో వెనక్కి, ఎవరి బిందెనో ముందుకు జరిగి ఉండేది, ఇక చూసుకోండి. సెలవుల్లో అక్కడికి పోయినప్పుడల్లా ఆ లొల్లికే నిద్ర లేచేవాణ్ని. వారం కూర్చుంటే చేతినిండా దొరుకుతాయనుకున్నాను. దొరక్కపోతే ఆ ఏడాది కూడా పోతుంది. ఇంకో ఏడాది పోతే చదువు మాన్పించి నాగలి పట్టిస్తానని మా నాయిన ముందే చెప్పి పెట్టాడు.

మొదటి రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని అరుగు మీద బల్లిలాగా అతుక్కున్నాను. నీళ్లొచ్చాయి. ఆడవాళ్లు వచ్చారు. నన్ను చూశారు. "నువ్వు పట్టుకో వదినా" అంది ఒకామె. "అయ్యో, నువ్వే ముందు రాయి పెడితివి గద అక్కా" అంది రెండో ఆమె. లొల్లి లేదు సరిగదా, ఒకరి బిందె ఒకరు ఎత్తి నెత్తి మీద పెట్టుకున్నారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఎదురింటి ముసలమ్మ ఇత్తడి గ్లాసులో చాయ్ తెచ్చిచ్చి, నేను అడగకుండానే, "మా మనుమరాలు మెట్రిక్ పాసైంది బిడ్డా. దాని గొంతు గడప దాటి ఇనవడది" అని చెప్పి పోయింది. ఈ సంగతి నాకెందుకో అర్థం కాలేదు. నేను మాత్రం ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చొని, ఒక్క తిట్టు, కనీసం ఒక్క గట్టి మాట వినిపించు తల్లీ అని తెలిసిన దేవతలందరికీ మొక్కుకున్నాను.

చివరికి మా చిన్నమ్మే ఆ గుట్టు కనుక్కొని, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుకుంటూ వచ్చింది. "ఓరి నీ తెలివి పాడుగాను! ఎదురింటి పిల్లకు మానుకోట సంబంధం మాట్లాడుతున్నరు. ఆరా తీయనీకి వాళ్లు పంపితే వచ్చినవని గల్లీ మొత్తం అనుకుంటున్నదిరా" అంది. మా వైపు అది ఆచారమే. పిల్లను చూడటానికి వచ్చేముందు, మగపిల్లవాడి తరఫున ఒకరు చెప్పకుండా వచ్చి, ఆ వాడలో కూర్చొని ఇంటి గుణం, వాడ గుణం చూసి పోతారు. వచ్చినాయన్ని ఎవరూ ఏమీ అడగరు. అందరూ మంచిగా మాత్రం ఉంటారు. వాడలో లొల్లి ఉందంటే పిల్ల సంబంధం చెడుతుందని, నా చదువును ముంచుతూ గల్లీ అంతా ఒక్కటైంది. నిజం చెబుదామంటే సారు చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే లొల్లి లేదు. ఆ పూట కాలుగాలిన పిల్లిలా జనగామ స్టేషన్ దాకా పోయి వచ్చాను, మళ్లీ పోయి వచ్చాను.

ఆఖరి రోజు ఆ పిల్లే వచ్చింది. జడ గట్టిగా బిగించి, చంకలో బిందెతో నేరుగా వరుస ముందుకు నడిచి, "ఎవలిది గీ బిందె?" అని అక్కడున్న బిందెను కాలితో ఒక్క తన్ను తన్నింది. అది మా చిన్నమ్మది.

"ఊకో బిడ్డా, ఆయన చూస్తుండు" అని ముసలమ్మ బతిమిలాడింది.

"చూడనీ! మంచిగ చూడుమను!"

"నా బిందెనే తంతవా?" అంటూ మా చిన్నమ్మ (సంగతంతా తెలిసి కూడా) కొంగు దోపింది. అంతే, వారం రోజులు పళ్ల బిగువున ఆపుకున్న లొల్లంతా ఒక్కసారి తెగింది. ఎప్పుడో పోయిన రాయి సంగతి దగ్గర్నుంచి, పెండ్లిలో పెట్టని చీర దాకా అన్నీ బయటికొచ్చాయి. నేను రాస్తున్నాను, సంతోషంతో కాళ్లు ఆగడం లేదు. ఎప్పుడు లేచానో, ఎప్పుడు అరుగు దిగానో తెలియదు. చూస్తే నల్లా పక్కన నిలబడి, "ఆగుండ్రి అక్కా! ముందుగాల రాయి పెట్టింది గీ పిల్ల ఇంటోళ్లే. మా చిన్నమ్మ బిందె వెనుకకుండె. నేను పొద్దటి సంది చూస్తున్న!" అని అరుస్తున్నాను.

"నా ఇంట్ల తిని గా పిల్ల దిక్కు మాట్లాడుతవా?" అని మా చిన్నమ్మ బిందెడు నీళ్లు నా నెత్తి మీద కుమ్మరించింది.

తడిసిన నా ముఖంలోకి చూస్తూ ఆ పిల్ల, "పోయి చెప్పుపో మీవోళ్లకు, పిల్ల గయ్యాళిదని. నేను నర్సు ట్రైనింగుకు పోవాలె. గీ సంబంధం కుదిరితే మా బాపు పంపడు" అంది. గొంతు గట్టిగానే ఉంది గానీ కళ్లలో నీళ్లున్నాయి.

"నన్నెవరూ పంపలేదు" అన్నాను.

"మరి ఎందుకచ్చినవ్?"

"లొల్లి చూద్దామని."

ఆమె నల్లా గట్టు మీద కూలబడి పడీపడీ నవ్వింది. "ముందే చెప్తే మొదటి దినమే చూపిద్దుము గద నాయినా!" అని ముసలమ్మ వాపోయింది.

అసలు విచిత్రం తర్వాత తెలిసింది. మానుకోట వాళ్లు నిజంగానే ఒక పెద్దమనిషిని పంపారట. ఆయన ఆ వారమంతా మూలమీది హోటల్లో చాయ్ తాగుతూ కూర్చుంటే ఎవరూ గమనించనే లేదు (అందరి చూపూ నా మీదే గదా). ఆయన ఆ ఒక్క లొల్లీ కళ్లారా చూసి రైలెక్కాడు. సంబంధం అక్కడితో ఆగిపోయింది. మా సారు నా కాగితాలు చదివి, "నువ్వున్నందుకు ఆగిన గొడవ, నువ్వున్నందుకే జరిగింది. పైగా నువ్వే అందులో దూకావు. బల్లి ఎక్కడయ్యా?" అన్నాడు. అయినా జరిగింది జరిగినట్టు రాశానని పాస్ చేశాడు.

ఏళ్లు గడిచాక, భూపాలపల్లిలో బొగ్గు బావులు తెరిచిన కొత్తలో అక్కడే ఓ ఆఫీసులో నాకు ఉద్యోగం. జ్వరమొచ్చి దవాఖానకు పోతే, సూది కోసం బారెడు వరుస. ముందు నేనంటే నేనని అందరూ తోసుకుంటున్నారు. అలవాటు చొప్పున నేను బెంచీ మీద కూర్చుంటున్నాను, లేస్తున్నాను. లోపలి నుంచి తెల్లచీర కట్టుకున్న నర్సమ్మ బయటికొచ్చి, "ఏంది లొల్లి? లైన్ల నిలవడుండ్రి!" అని ఒక్క కేక వేసింది. గడప కాదు, ఆ గొంతు దవాఖాన గేటు దాటి వినిపించి ఉంటుంది. వరుస చప్పున సర్దుకుంది. నన్ను చూసి ఆమె కనుబొమలు ముడిపడి, తర్వాత నెమ్మదిగా విడిపోయాయి.

"ఏం సారూ, ఇక్కడి లొల్లి గూడ రాస్కుంటున్నవా?"

లేదమ్మా అని తల అడ్డంగా ఊపాను. ఆమె ఒక్కొక్కరినే పిలుస్తూ, ముసలివాళ్లను చెయ్యి పట్టి ముందుకు తెస్తూ, ఏడ్చే పిల్లలను గదమాయిస్తూ, అంతలోనే ముద్దు చేస్తూ పని చేసుకుపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడు నేను తడవడం ఊరికే పోలేదని ఎందుకో చాలా సంతోషమేసింది. నా వంతు వచ్చిందని ఆమె రెండుసార్లు పిలిస్తే గానీ నాకు వినబడలేదట. అంతసేపూ బెంచీ మీద నుంచి నేను ఒక్కసారి కూడా లేవలేదు.