అక్క వంతు పాట

ఆశ్వయుజం దగ్గరపడితే కన్యాకుమారి గొంతు పోతుందని శ్రీకాకుళంలో ఆ వీధి వీధంతా ఎరుగును. వానలు వెనకబట్టి, నాగావళి మీంచి తెల్లవారుజామున మంచు దిగడం మొదలైందా, ఆవిడ గొంతులో గరగర. అయినా యాభై దాటిన ఈ వయసుదాకా ఆ గొంతు ఒక్క ఏడూ గుడికి ఎగనామం పెట్టలేదు. అదంతా అక్క జగదాంబ చలవ.

తాతలనాటి నుంచీ నవరాత్రుల్లో అమ్మవారికి మేలుకొలుపు పాడేది వాళ్లింటివాళ్లే. ఒక చరణం చెల్లెలు, ఒక చరణం అక్క వంతులేసుకుని పాడేవారు. పెళ్లిమాట తలపెట్టకుండా, పిల్లలకి సంగీతం చెప్పుకుంటూ ఇద్దరూ ఒకే ఇంట్లో గడిపేశారు. మబ్బులు విడగానే జగదాంబ నడుం కట్టేది. పొద్దువాలేసరికి నువ్వులనూనెలో వాము వేసి కాచి చెల్లెలి అరికాళ్లకి రాసేది. చెవులకి గుడ్డ చుట్టేది. మిరియాలూ శొంఠీ కాచిన కషాయం రెండు గ్లాసుల్లో పోసి ఎదురుగా కూర్చునేది.

"ఒసే, గొంతు నీదే గానీ పాట ఇద్దరిదీ. మింగు," అనేది.

కిందటి కార్తీకంలో జగదాంబ పోయింది.

ఈ ఏడు మంచు మొదలైన రోజు సాయంత్రం కన్యాకుమారి అరుగుమీద ఉండగా లోపల్నుంచి వామునూనె వాసన వచ్చింది. వెళ్లి చూస్తే స్టవ్ చల్లగా ఉంది. మంచంమీద వాలితే అరికాళ్లు వెచ్చబడ్డాయి. ఆవిడ భయపడలేదు. కదిలితే పోతుందేమోనని కాళ్లు కదపకుండా ఏడ్చింది. మర్నాడూ అంతే.

ఇక అప్పటినుంచీ ఆవిడ తన ఒంటికి తానేమీ చేసుకోలేదు. చెవులకి గుడ్డ లేదు, కషాయం లేదు, తాగింది ఫ్రిజ్జులో నీళ్లు. తనకి తానే చేసుకుంటే అక్కకి వచ్చే పనేముంటుంది? ఎందరికో స్వరాలు దిద్దిన పంతులమ్మే, ప్రేమ దగ్గరికొచ్చేసరికి పసిపిల్లయిపోయింది.

గొంతు పూర్తిగా బొంగురుపోయింది. అర్చకులు సీతారామారావుగారు చూసి చూసి, "ఈ ఏడు మేలుకొలుపు రికార్డు స్పీకర్లో పెట్టేద్దామమ్మా, మీరు విశ్రాంతి తీసుకోండి," అన్నారు. ఒకసారి స్పీకరు గుడికెక్కితే మళ్లీ దిగదని ఆవిడకి తెలుసు.

"మంచండీ, పాడు మంచు," అని గొణిగింది. ఆడలేక మద్దెల ఓడంది.

గుడికి పూలు తెచ్చిన గున్నమ్మ ఆ మాట విని ఇంటిదాకా వెంటబడింది. "ఏటమ్మా ఇది? సెవులకి గుడ్డ నేదు, గొంతుకి కసాయం నేదు. మీ అప్ప ఉంటే ఊరుకునేదేటి?"

"అక్క వస్తోంది గున్నమ్మా. రోజూ వచ్చి కాళ్లకి నూనె రాస్తోంది. నేనే రాసుకుంటే మరి రాదు."

గున్నమ్మ నవ్వలేదు. బుట్ట కింద పెట్టింది. "వస్తాది, ఎందుకు రాదు? గానీ నీ గొంతు సచ్చిపోతే మీ అప్ప పాట ఎవులు పాడతారు? ఆ మనిసికి అది రెండో సావు గాదా, సెప్పు."

ఆ సాయంత్రం కన్యాకుమారి నూనె కాచింది. తన అరికాళ్లకి తానే రాసుకుంది. చెవులకి గుడ్డ చుట్టుకుంది. అలవాటుకొద్దీ కషాయం రెండు గ్లాసుల్లో పోసి, ఒకటే తాగింది. నవరాత్రులు మొదలయ్యే పాడ్యమిదాకా రోజూ అలాగే చేసుకుంది. గొంతు తేరుకుంది. అనుకున్నంతా అయింది కూడా, అక్క మరి రాలేదు. ఇల్లు బోసిపోయింది.

పాడ్యమి తెల్లవారుజామున తలస్నానం చేసి, ఒట్టికాళ్లతో గుడికి వెళ్లి తన చోట నిలబడింది. తన చరణం పాడింది. పాడి, ఎప్పట్లాగే ఆగిపోయింది. అది అక్క వంతు. సీతారామారావుగారి చెయ్యి స్పీకరువైపు వెళ్లింది.

అప్పుడు రెండో చరణం మొదలైంది. మంద్రంగా, కొసన చిన్న జీరతో, అచ్చం జగదాంబ గొంతు. సీతారామారావుగారు ఉలిక్కిపడి, పక్కన ఖాళీగా ఉన్న చోటువైపు చూశారు. పాడుతున్నది మాత్రం కన్యాకుమారే. తన నోటినుంచే వస్తున్న ఆ గొంతు వింటూ, కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా పాడింది.

మంచుకి గుడిలో రాతినేల జివ్వుమంటోంది. కన్యాకుమారి అరికాళ్లు మాత్రం వెచ్చగా ఉన్నాయి.