వీపు మాస్టారు తీయించిన పిల్ల

మా వేలం సంస్థలో ఆయన్ని అందరం వీపు మాస్టారు అనేవాళ్ళం. పాతకాలపు పటం ఏది వచ్చినా ఆయన ముందు దాని మొహం చూసేవారు కాదు. బల్ల మీద దుప్పటి పరిచి, పటాన్ని బోర్లా పడుకోబెట్టి, వెనకవైపు చూసేవారు. చట్రం చెక్క ఏ కాలానిది, మేకులు మళ్ళీ కొట్టారా, గుడ్డ ఎక్కడ చిరిగింది, ఎవరు అతుకు వేశారు, అన్నీ అక్కడే తెలుస్తాయనేవారు. "మొహం అబద్ధాలాడుతుందమ్మా, వీపుకి అంత తెలివి ఉండదు" అని నాకు వంద సార్లైనా చెప్పుంటారు. ముప్పై ఏళ్ళలో ఆయన వేసిన అంచనాకీ, వేలంలో పలికిన ధరకీ పెద్ద తేడా వచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

బయటా అదే అలవాటు. ఎవరింటికి వెళ్ళినా కాఫీ తాగేసి కప్పు తిరగేసి అడుగు చూసేవారట. "నన్ను చేసుకునేటప్పుడు మాత్రం వెనకా ముందూ చూసుకోలేదు" అని వాళ్ళావిడ ఎప్పుడొచ్చినా నాతో అని నవ్వేది. ఆయన వినిపించుకోనట్టు కళ్ళజోడు తుడుచుకునేవారు.

ఆయనకి ఇంకో నియమం ఉంది. ధర చెప్పేదాకా ఆ వస్తువు తాలూకు కథ వినకూడదు. తాతగారు ఇచ్చారనీ, అమ్మకి ప్రాణమనీ ఎవరైనా మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేసేవారు. "కథ వింటే కలం జారుతుంది" అనేవారు. అందుకని కథలన్నీ నా బల్ల దగ్గరికి వచ్చేవి. నేను రశీదులు రాసేదాన్ని, క్యాటలాగు రాసేదాన్ని. నా బల్ల ఆయన బల్లకి ఎదురుగానే ఉండేది.

ఆ రోజు పొద్దున ఒక పెద్దాయన గోడగడియారం తెచ్చాడు. ఆయన భార్య పోయేదాకా రోజూ తనే దానికి కీ ఇచ్చేదట. నేను ఉండబట్టలేక ఆ మాట మాస్టారి చెవిన వేశాను. ఆయన అంతెత్తున లేచారు. "నీకు జాలెక్కువైతే ఇంట్లో పెట్టుకో. ఇక్కడ నీ పని రాయడం. రాయి, చాలు" అన్నారు, గది నిండా జనం ఉండగా. నాకు తల కొట్టేసినట్టయింది. నాకూ కోపం తక్కువేం కాదు. ఇక ఈయన దగ్గర నోరు విప్పితే ఒట్టు అనుకున్నాను.

మధ్యాహ్నం ఒక దర్జీ ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి, రవిక మీద గుండుసూదులు అలాగే ఉన్నాయి. పాత దుప్పట్లో చుట్టి ఒక పటం తెచ్చింది. నది, ఒడ్డున చెట్లు, దూరంగా కొండలు. నూట యాభై ఏళ్ళ నాటిదని మాస్టారు తర్వాత తేల్చారు. ఎప్పుడో పైకప్పు కారి ఎడమ మూల పాడయింది. ఆ మూల ఎవరో మందంగా రంగు పూసి, ఒడ్డు మీద పసుపు గౌను వేసుకున్న చిన్నపిల్ల బొమ్మ వేశారు. పిల్ల చేతులు రెండూ ఒక పొడుగు కావు. మొహంలో మాత్రం నవ్వు బాగా కుదిరింది.

మాస్టారు పటం తిరగేసి భూతద్దం పెట్టారు. "చిల్లులోంచి వెనక్కి ఎనామిల్ రంగు దిగింది. బోర్డులు రాసేవాడి పని" అన్నారు. ఆవిడ ఉలిక్కిపడింది. వాళ్ళ నాన్న బోర్డులు రాసేవాడే. ఆవిడ ఏదో చెప్పబోతే మాస్టారి చెయ్యి అడ్డం వచ్చింది. "ఉన్నదున్నట్టుగా అయితే నలభై వేలు పలుకుతుందమ్మా. రాతపూర్వకంగా కావాలంటే పది రోజులు ఇక్కడ ఉంచండి."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ధర తక్కువని బాధపడిందనుకున్నారు మాస్టారు. అది సంతోషమని నాకు రెండు నిమిషాల్లో తెలిసింది. మాస్టారు పటం తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళాక, నా ఎదురుగా కూర్చుని, రశీదు మీద సంతకం పెడుతూ, ఆవిడ మొత్తం చెప్పింది. నాన్న పోయాక ఆయన ఉన్న ఇల్లు అమ్మేశారు. సామాను ముగ్గురూ పంచుకోవాలి, ఆవిడా ఇద్దరు అన్నలూ. పటం ఎవరు ఉంచుకుంటే వాళ్ళు మిగతా ఇద్దరి వాటా ఇచ్చుకోవాలి.

"ముప్పై వేలు దాచానండీ. ధర ఎక్కడ ఎక్కువ చెబుతారోనని గుండె పీచుపీచుమంది. ఆ పసుపు గౌను పిల్ల నేనేనండీ. కప్పు కారి బొమ్మ పాడయిందని నేను ఏడుస్తుంటే, మా నాన్న అప్పటికప్పుడు నన్ను నిలబెట్టి వేశాడు. మా ఇంట్లో ఫోటోలు తీయించుకునే స్తోమత ఎక్కడిది? చిన్నప్పటి నేను ఉన్నది అందులోనే."

ఆ రశీదు అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది, అవసరమైతే శుభ్రం చేయించడానికి ఒప్పుకుంటున్నానని. ఎవరూ చదవరు. ఆవిడా చదవలేదు.

ఆవిడ వెళ్ళాక మాస్టారు మళ్ళీ పటం ముందు నిలబడ్డారు. కాసేపటికి నన్ను పిలిచారు. పొద్దుటి మాటకి నొచ్చుకున్నానని తెలుసు కాబోలు, గొంతు తగ్గించి మాట్లాడారు. "పాపం, ఆవిడ మొహం చూశావా? చిల్లు గోరంత. దానికోసం చేటంత మేర పూసేశాడు మహానుభావుడు. కింద పాత వార్నిష్ పొర గట్టిగా ఉంది, ఎనామిల్ ఊడొచ్చేస్తుంది. ఆ పిల్ల బొమ్మ తీయించేద్దాం. ఖర్చు నేను పెట్టుకుంటాను. శుభ్రం చేసే ఆయనకి చీటీ రాయి."

అప్పుడు చెప్పాలి నేను. ఒక్క వాక్యం చాలు. నా పని రాయడమన్నారు కదా, రాయించుకోండి అనుకున్నాను. రాశాను. "ఎడమ మూల పసుపు గౌను పిల్ల, పూర్తిగా తీసివేయవలెను." ఆయన సంతకం పెట్టారు.

రాత్రికి నా కోపం దిగింది. పొద్దున్నే పరుగున శుభ్రం చేసే ఆయన గదికి వెళ్ళాను. ఆయన అంత తొందరగా పని మొదలుపెట్టే మనిషి కాదు, మాస్టారి సొంత పని అనేసరికి మొదలుపెట్టాడట. బల్ల నిండా పసుపంటిన దూది ఉండలు. పటంలో పిల్ల కాళ్ళు రెండే మిగిలాయి. పాదాలకి చెప్పులు లేవు, అది ముందు రోజు నేను గమనించలేదు. తలుపు దగ్గరగా వేసి తిరిగొచ్చేశాను.

పిల్ల బొమ్మ పూత కింద ఒక పడవ ఉంది. చెక్కుచెదరలేదు. దానితో పటం అందం మారిపోయింది. మాస్టారి మొహం వెలిగిపోయింది. అంచనా చీటీ మీద రెండున్నర లక్షలని రాశారు.

పదో రోజు దర్జీ ఆవిడ పెద్దన్నని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన అంకె విని మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "మీ మేలు మర్చిపోలేమండీ" అంటూనే తమ్ముడికి ఫోన్ చేయడానికి బయటికి పరుగెత్తాడు. ఆవిడ పటం ముందు నిలబడిపోయింది.

"పిల్ల ఏదండీ?" అంది.

"ఏ పిల్లమ్మా?" అన్నారు మాస్టారు. అప్పుడు ఆవిడ చెప్పింది. తను ధర వేసిన వస్తువు కథని ఆయన మొదటిసారి చివరిదాకా విన్నారు. వింటూ కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నారు, దొరకలేదు, బల్ల అంచు పట్టుకున్నారు. "నాకు ముందు చెప్పుంటే..." అన్నారు. ఆ మాట ఎంత అన్యాయమో ఆయనకే తెలిసింది, మధ్యలో ఆపేశారు.

ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నాతో ముందే చెప్పిన సంగతి ఆవిడ ఆ క్షణంలో బయటపెట్టి ఉంటే, నాకు పడాల్సింది అక్కడే పడి ఉండేది. అనలేదు. "పోనీలెండి, మీరు నా మంచికే చేశారు" అని చెంగుతో కళ్ళు తుడుచుకుని అన్న దగ్గరికి వెళ్ళిపోయింది. ఎందుకు అనలేదో ఇప్పటికీ నాకు తెలియదు. నా ఉద్యోగం పోతుందని జాలిపడిందేమో.

పటం వేలంలో అంచనా దాటి పలికింది. ఆ రోజు మాస్టారు సెలవు పెట్టారు.

తర్వాత ఆయన మునుపటి మనిషి కాదు. పటం తెచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టి, "ఇది మీ ఇంట్లో ఏ గోడకి ఉండేదమ్మా?" అని అడిగేవారు. వాళ్ళు గంటలకొద్దీ చెప్పేవాళ్ళు. ఆయన అంచనాలు తప్పడం మొదలుపెట్టాయి. పైవాళ్ళు గొణిగారు. రెండేళ్ళకే, ఇంకా సర్వీసు ఉండగానే, ఉద్యోగం చాలించుకున్నారు.

వెళ్ళే రోజు సొరుగు ఖాళీ చేస్తూ ఒక చిన్న రేకు డబ్బా తీశారు. అందులో పసుపంటిన దూది ఉంది. చెత్తబుట్టలోంచి ఏరుకున్నారట. దర్జీ ఆవిడకి ఇద్దామని మూడుసార్లు కొట్టు దాకా వెళ్ళి, ఏ మొహం పెట్టుకుని ఇవ్వాలో తెలియక తిరిగొచ్చారట. డబ్బా మూత పెట్టి, సంచిలో వేసుకుని, నా బల్ల దగ్గర ఆగారు.

"నా దగ్గర ఎలాగూ ఆవిడని నోరు తెరవనివ్వలేదు. ఆవిడ ఆ రోజు నీతోనైనా చెప్పి ఉంటే బాగుండేదమ్మా. నేను ఎంత తిట్టినా నువ్వు నాకు చెప్పకుండా ఊరుకునేదానివి కాదు" అన్నారు.

"అవును మాస్టారూ" అన్నాను.