రిమోట్ ఆపాక

రిమోట్ కార్లు బాగుచేసే ఆ కొట్టులో ఒకే బల్ల, ఒకే దీపం. యజమానురాలిని వీధంతా కార్లక్క అనే పిలిచేది. ఒకప్పుడు కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసిన మనిషి. స్క్రూడ్రైవర్‌ను అన్నిటికంటే చివర ముట్టుకోవాలన్నది ఆమె నియమం. బండి కదలకపోతే మొదట బ్యాటరీ, దాని తీగల బిగింపు చూసేది. ఒక పక్కకే లాగుతుంటే రిమోట్ మీద స్టీరింగ్ సరిచేసే చిన్న మీట. ఆగి ఆగి పరుగెడితే యాంటెనా తీగ.

"బండికి బుద్ధుండదు. దోషం ఎప్పుడూ మన చేతిలోనే," అని కొత్తగా నేర్చేవాళ్లకు చెప్పేది.

ఒక మధ్యాహ్నం ఆమె చెల్లెలు తువ్వాలులో చుట్టిన కారును, దాని రిమోట్‌ను తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ వేసవిలోనే పోయిన చెల్లెలి భర్తది అది.

"అక్కా, ఇది తనంతట తనే నడుస్తోంది."

"నడవడానికేగా కొన్నారు."

"ఎగతాళి చాలించు. రోజూ ఒకసారి ఆన్ చేసి బ్యాటరీ చూడమనేవారు ఆయన. చూసి, రిమోట్ ఆపుతాను. ఆపగానే ఇది ఎడమకు తిరిగి, మెల్లగా ఆయన కుర్చీ దాకా వెళ్లి ఆగుతుంది. ఆయనో, యంత్రమో తేల్చు. ఆయనైతే ఆ ఇంట్లోనే ఉంటాను. కాదంటే ఖాళీ చేస్తాను. రెండిటి మధ్యా నావల్ల కావట్లేదు."

కార్లక్క కారును చెక్కదిమ్మ మీద చక్రాలు తేలేలా నిలిపి, రెండూ ఆన్ చేసి, రిమోట్ ఆపింది. చక్రాలు కాస్త ఎడమకు వంగి, నిదానంగా తిరగసాగాయి. ఎవరో ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతున్నట్టే ఉంది. కారణం తెలిసి కూడా ఆమె ఎక్కువసేపు చూడలేకపోయింది. బండి స్విచ్ నొక్కి ఆపేసింది.

"రిమోట్ ముందు ఆపకూడదే. ముందు బండి, తర్వాత రిమోట్. సిగ్నల్ అందనప్పుడు ఏం చేయాలో బండి ముందే గుర్తు పెట్టుకుంటుంది. రెండిటినీ జత కలిపేటప్పుడు వేగం పెంచే ట్రిగ్గర్ మీద వేలుండి, స్టీరింగ్ కాస్త తిరిగి ఉంటే, అదే గుర్తుండిపోతుంది. మరిదిగారు వేలు తీయడం మరిచిపోయారు. కొత్తలో అందరూ చేసే తప్పే."

"అయితే అది ఆయన వేలేగా."

"వేలు కాదే, వేలి గుర్తు."

చెల్లెలి గుండె బరువు దించాలన్న తొందరలో కార్లక్క ట్రిగ్గర్ వదిలేసి రెండిటినీ మళ్లీ జత కలిపింది. ఈసారి రిమోట్ ఆపితే చక్రాలు కదల్లేదు.

"చూశావా? యంత్రమే."

చెల్లెలు కారు చక్రాన్ని వేలితో ముట్టుకుని చూసింది. "నడవడం సరే. కుర్చీ దగ్గర ఎందుకు ఆగేది?"

"కుర్చీ కాలు అడ్డుపడి ఉంటుంది."

"జానెడు ఇవతలే ఆగేది. చక్రాలు కూడా తిరిగేవి కావు."

కార్లక్క చెక్కదిమ్మ వైపు చూసింది. వేలి గుర్తుకు నడవడమే తెలుసు, ఆగడం తెలియదు. బ్యాటరీ అయిపోయేదాకా ఆ చక్రాలు తిరుగుతూనే ఉండాలి. బల్ల మీద అవి వాటంతట అవి ఆగలేదు, తనే ఆపింది. ఆ గదిలో, ఆ కుర్చీ ముందు ఒక్కసారి చూడవలసింది. చూడకముందే ఆ గుర్తును చెరిపేసింది.

"మళ్లీ పాతలా పెట్టగలవా?"

"పెట్టగలను. కానీ అది నా వేలవుతుంది."

చెల్లెలు కారును తువ్వాలులో చుట్టుకుంది.

"ఇల్లు ఖాళీ చేస్తావా?"

"ఆపిందెవరో తేలలేదుగా అక్కా. ఎలా చేస్తాను?"

ఆ సాయంత్రం ఇద్దరూ చెల్లెలి ఇంట్లో, ఆ కుర్చీ ఉన్న గదిలో కూర్చున్నారు. చెల్లెలు రిమోట్ ఆపింది. కారు కదల్లేదు. కదలకూడదు కూడా. అయినా కార్లక్క లేచి వెళ్లేటప్పుడు, కారుకూ కుర్చీకీ మధ్య అడుగు పెట్టకుండా గోడ వారగా చుట్టి వెళ్లింది.