నెరిడా సంతకాలు

“—అయినా అది కుక్క, నెరిడా. సంతకం ఎలా పెడుతుంది?”

“పాదముద్ర చాలు మిస్. ఇంకుప్యాడు తెచ్చాను.”

మా సైకాలజీ టీచరు మిస్ పెట్రాకిస్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ కళ్లజోడు తీశారంటే వాదనలో ఓడిపోయారని అర్థం. ఆ ఏడాది, మా పన్నెండో తరగతిలో, కళ్లజోడు ముక్కు మీదకంటే బల్ల మీదే ఎక్కువసేపు ఉండేది.

నెరిడా హాలొరన్ అవతలివాళ్ల సంతకం లేకుండా ఎవరి జోలికీ పోదు. ప్రయోగానికి ముందు మనిషి అనుమతి తీసుకోవాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. అంతా అయ్యాక అసలు ఉద్దేశం చెప్పాలి. ఈ నియమాలు మేం పరీక్ష కోసం బట్టీపట్టాం. ఆమె మాత్రం క్లిప్పు అట్టకి తగిలించుకుని ఊరంతా తిరిగేది.

వాళ్ల నానమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి ఇంట్లో వాళ్లు చెప్పకుండా విందు ఏర్పాటు చేశారు. నెరిడా ముందురోజే కాగితం పట్టుకెళ్లింది.

“రేపు మూడింటికి ఆశ్చర్యపోవడానికి ఒప్పుకుంటున్నావా నానమ్మా?”

“దేనికే?”

“అది చెప్పకూడదు. ఇక్కడ సంతకం.”

మాట ఇచ్చిన మనిషి కదా, ఆవిడ మర్నాడు తలుపు తీయకముందే కెవ్వుమన్నారు.

స్కూలు డాన్సులో మా క్లాసు ఫెర్గస్ ధైర్యం చేసి నెరిడాని తనతో ఆడడానికి పిలిచాడు. రెండు పేజీలు చేతిలో పెట్టింది. రెండో పేజీ సగంలో ఉండగా పాట అయిపోయింది.

ఇక నా సంగతి. ఆవు తన్ని నాన్న కాలు విరిగినప్పటి నుంచీ, తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేనే పాలు తీస్తున్నాను. సాయంత్రం మళ్లీ. “నీ చదువుకి అడ్డమైతే చెప్పరా రీస్, మందని అమ్మేస్తా,” అన్నాడు నాన్న. అన్నమాట తప్పే మనిషి కాదు. ఆ ఆవుల్లో సగానికి పేర్లు పెట్టింది నేను. అందుకే ఇంట్లో హాయిగా నిద్రపోతున్నానని చెప్పేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే నిద్ర మీద పాఠం వచ్చింది. వారంపాటు ఎవరి నిద్ర వాళ్లు డైరీలో రాయాలి. దొంగ అంకెలు రాయబోమని నెరిడా అందరిచేతా ముందే సంతకాలు పెట్టించింది. చచ్చినట్టు నిజమే రాశాను: నాలుగు గంటలు, నాలుగున్నర, నాలుగు.

సోమవారం మిస్ బోర్డు మీద అందరి పేర్లూ, పక్కన నిద్ర గంటలూ రాయడం మొదలుపెట్టారు. మా ఊళ్లో పదింటికి బోర్డెక్కిన సంగతి పన్నెండింటికల్లా నాన్న చెవిలో ఉంటుంది.

నెరిడా లేచింది. “పేర్లు రాయడానికి ఎవరూ సంతకం పెట్టలేదు మిస్.”

“మన తరగతి వరకేగా నెరిడా.”

“అయితే నేను తప్పుకుంటున్నాను. కారణం చెప్పక్కర్లేదు.”

“మళ్లీ మొదలెట్టింది,” అన్నాడు ఫెర్గస్. “అమ్మా తల్లీ, ఆకలేస్తోంది.”

కళ్లజోడు బల్ల మీదకి వచ్చింది. పేర్లు తీసేసి, చీటీలు వేసి నంబర్లిచ్చి, అన్నీ మళ్లీ రాసేసరికి భోజనం వేళ సగం పోయింది. నాది పద్నాలుగు.

“ఎవడ్రా ఈ పద్నాలుగు? గబ్బిలమా?” అన్నాడు ఫెర్గస్. అందరితోపాటు నేనూ నవ్వాను.

సాయంత్రం బస్సులో నెరిడా వచ్చి నా పక్కన కూర్చుంది.

“ప్రయోగం అయింది కాబట్టి అసలు ఉద్దేశం చెప్పాలి. శుక్రవారం నువ్వు ఇక్కడే నిద్రపోయావు. డైరీ కింద పడింది. తీసి చదివాను.” ముఖం ఎర్రబడింది. “అనుమతి లేకుండా. తప్పే.”

నేనేమీ అనకముందే కాగితం తీసింది. “శని, ఆదివారాలు పొద్దున మీ కొట్టంలో నేను పాలు తీస్తాను. పాటలు పెడితే ఆవులు కుదురుగా ఉంటాయేమో చూసే ప్రయోగం. మీ నాన్న సంతకం పెట్టేశారు.”

“ఆయనకి నా నిద్ర సంగతి చెప్పావా?”

“కొన్ని ప్రయోగాల్లో అసలు సంగతి చివర్లోనే చెప్పాలి. అదీ నియమమే.”

“నీకు పాలు తీయడం వచ్చా?”

“మా మామయ్య కొట్టంలో ఆరేళ్లు తీశాను.”

“మరి ఆవుల అనుమతి?”

“పెద్ద ఇంకుప్యాడు కొన్నాను.”

ఆమె పెన్ను తీసుకుని సంతకం పెట్టాను.

“శనివారం ఎనిమిదింటిదాకా పడుకుంటాను,” అన్నాను.