నిశ్శబ్దంగారు కోరిన ప్రశాంతత

ఆ కార్యాలయంలో పెద్దసారు నోటి నుండి వెలువడిన మాటను కాగితం మీదికి చేర్చే బాధ్యత ఎంతోకాలంగా ఒకే మనిషిది. ఆయన స్టెనో. ఎదురుగా ఉన్నంతసేపూ అందరూ గురువుగారనేవారు, వెనుదిరిగాక నిశ్శబ్దంగారనేవారు. ఆ రెండవ పేరు ఊరికే రాలేదు. చప్పుడంటే ఆయనకు ఒళ్ళు మంట. లెక్కల గుమాస్తా ఇటు నుండి అటు ఒరిగితే అతని కుర్చీ కీచుమనేది. పక్క బల్ల దగ్గరి టైపిస్టు ఆలోచనలో పడితే చేతిలోని పెన్ను మీటను టిక్కుటిక్కుమని నొక్కుతూ కూర్చునేది. గేటు దగ్గర వాచ్‌మన్, కారు వెనక్కి తీసే ప్రతివారికీ ఈల ఊది దారి చూపేవాడు. వీటన్నింటి గురించీ ఆయన పెద్దసారుకు వ్రాతపూర్వకంగా విన్నవించుకుంటూనే వచ్చాడు. "పై విషయమై తగు చర్య తీసుకొనవలసినదిగా ప్రార్థన" అని ముగించి, తానే టైపు చేసి, తానే లోపలికి తీసుకువెళ్ళి, సంతకానికి పెట్టే కాగితాల అడుగున ఉంచేవాడు. అవి అడుగునే ఉండిపోయేవి.

ఇంత సున్నితమైన చెవి ఎలా అబ్బిందని ఎవరైనా అడిగితే, ఆయన భార్య "ఆ వేణువు వల్లే" అనేది. ఇంట్లో పాత టేపు ఒకటి ఉంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి వెళ్ళిన కచేరీని ఒక స్నేహితుడు రికార్డు చేసి ఇచ్చాడు. అందులో చివరి భాగంలో వేణువు మెట్టు మెట్టుగా ఎక్కుతూ, ఇక పైన చోటు లేదనిపించిన దగ్గర నుండి ఇంకా పైకి పోయి, సన్నని దారంలా నిలబడుతుంది. సరిగ్గా అక్కడే సభలో ఎవరో మహానుభావుడు బొంగురుగా దగ్గాడు. ఆ దగ్గును ఆయన ఏనాడూ క్షమించలేదు. టేపు పెట్టిన ప్రతిసారీ, ఆ పెద్దమనిషి ఇంకా ముందు వరుసలో కూర్చుని ఉన్నట్టే, "ఇంటికి వెళ్ళి దగ్గుకోకూడదా బాబూ" అని విసుక్కునేవాడు.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజులలో కార్యాలయంలో మార్పు మొదలైంది. మొట్టమొదట కుర్చీ అరవడం మానింది. లెక్కల గుమాస్తా ఎప్పటిలాగే ఒరుగుతున్నాడు, లేస్తున్నాడు, కూలబడుతున్నాడు. కుర్చీ మాత్రం నోరెత్తడం లేదు. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. మర్యాద తెలిసిన మనిషి కనుక దగ్గరకు వెళ్ళి చెప్పాడు.

"కుర్చీకి నూనె వేయించారు కాబోలు. చాలా సంతోషమండీ."

లెక్కల గుమాస్తా కళ్ళద్దాల మీదుగా చూశాడు. "వెక్కిరించండి గురువుగారూ, వెక్కిరించండి. నా నడుము కూడా అరుస్తోంది. దానికీ ఒక అర్జీ పెట్టండి."

అది వినయమని ఆయన అనుకున్నాడు. కొన్నాళ్ళకు టైపిస్టు పెన్ను ఊరుకుంది. ఆ తరువాత గేటు దగ్గరి ఈల. అడుగున పడిన తన కాగితాలు ఎట్టకేలకు పెద్దసారు కంటబడ్డాయని, ఒక్కొక్కరినీ పిలిచి మందలించి ఉంటారని ఆయన నిర్ధారణకు వచ్చాడు. అయినా ఆ సంతోషంలో ఎక్కడో చలి ఉంది. మధ్యాహ్నాలు ఆ పెద్ద గదిలో కూర్చుంటే, సామాను ఒక్కొక్కటిగా తరలించుకుపోతున్న ఇంట్లో కూర్చున్నట్టు ఉండేది. ఎవరు తరలిస్తున్నారో కనబడదు.

అటువంటి రోజులలోనే ఒక ఉదయం వెనుక గేటు బార్లా తెరిచి కనబడింది. వస్తువేదీ పోలేదు. కానీ పై కార్యాలయం నుండి ప్రశ్న వచ్చింది. ప్రశ్న వచ్చాక దానికి అప్పగించడానికి ఒక మనిషి కావాలి. వాచ్‌మన్ మీద విచారణ జరపాలని నిర్ణయమైంది. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది.

నోటీసు చెప్పి రాయించడానికి పెద్దసారు స్టెనోను పిలిచాడు. పెద్దసారుకు గదిలో పచార్లు చేస్తూ చెప్పే అలవాటు. పైగా ఈమధ్య మీసం పెంచాడు; అది పై పెదవిని కప్పి కింది పెదవి దాకా దిగింది. ఆ మీసం స్టెనోకు ఎందుకో చిరాకు తెప్పించేది. మనిషి అటు తిరిగినప్పుడు మాట మసకబారేది, ఇటు తిరిగితే మళ్ళీ తేరుకునేది. స్టెనో పెన్సిలు మాత్రం ఎక్కడా ఆగలేదు. టైపు చేసి తెచ్చిన కాగితాన్ని పెద్దసారు చదివి, చివర ఆగాడు.

"ఈ ఆఖరి వాక్యం నేను చెప్పానా?"

సదరు ఉద్యోగి నిర్లక్ష్యం ప్రాథమికంగా రుజువైనందున అని మొదలయ్యే వాక్యమది.

"మీరే అన్నారు సార్."

"అన్నానేమో. ఉండనివ్వండి, బాగానే కుదిరింది." సంతకం పడింది.

సారుకు మతిమరుపు ముదురుతోందని మనసులో జాలిపడుతూ ఆయన బయటికి వచ్చాడు.

సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చి నిలబడ్డాడు. బక్కపలుచని మనిషి, గొంతు కూడా సన్నం. ఆయన బాగా ముందుకు వంగి, కళ్ళు అతని మొహం మీదే పెట్టి వినవలసి వచ్చింది.

"విచారణలో మీరే రాస్తారంట కదా సారూ. నాకు అదే ధైర్యం. ఆ రోజు తాళం నా చేత్తో వేశాను. తాళంచెవి ఇంకొకరి దగ్గర కూడా ఉంది. ఎవరి దగ్గరో విచారణ చేసేవాళ్ళ ముందే చెప్తాను. చెప్పింది చెప్పినట్టు మీరు రాస్తే చాలు. మీ చెవిలో పడిన మాట ఎక్కడికీ పోదంటారు అందరూ."

"నువ్వు చెప్పు, నేను రాస్తాను," అన్నాడు ఆయన, ఛాతీ కొంచెం విరుచుకుని. "అన్నట్టు, ఆ ఈల మానేశావు. మంచి పని చేశావు."

వాచ్‌మన్ మెడలో వేలాడుతున్న ఈల వైపు చూసుకున్నాడు. "మానితే ఎట్లా సారూ..." అని ఏదో చెప్పబోయాడు. ఆయన అప్పటికే వీధిలోకి అడుగుపెట్టాడు.

టైపిస్టుకు కృతజ్ఞత చెప్పడం ఒక్కటే మిగిలింది. మర్నాడు ఆ పని కూడా పూర్తిచేశాడు. "అమ్మాయ్, పెన్నుతో ఆ ఆట మానేశావు. చెప్పగానే అర్థం చేసుకునే పిల్లలు ఈ రోజుల్లో అరుదు."

ఆమె బొటనవేలు పెన్ను మీద ఉన్నది ఉన్నట్టే ఆగింది. కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే పిల్ల, ఆ రోజు నవ్వలేదు.

"ఎప్పట్నుంచి గురువుగారూ?"

"ఎండలు తగ్గిన దగ్గర్నుంచీ అనుకుంటాను."

ఆమె పెన్నును సొరుగులో పెట్టి, ఆ సొరుగును నెమ్మదిగా మూసింది. ఆ రోజంతా ఆయనతో పనిబడినప్పుడల్లా, కూర్చున్నచోటి నుండి పిలవకుండా, లేచి వచ్చి ఎదురుగా నిలబడి పిలిచింది. ఆ మర్యాద ఎందుకో ఆయనకు రుచించలేదు.

సెలవు రోజు మధ్యాహ్నం. మర్నాడే విచారణ. మనసు కుదుటపడడానికి ఆయన టేపు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. భార్య మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. వేణువు కింది మెట్ల మీద హాయిగా నడిచింది. ఎక్కడం మొదలుపెట్టింది. పై మెట్టు మీద కాలు పెట్టబోయి, మాయమైంది. టేపు తిరుగుతూనే ఉంది. ఖాళీ. ఆ ఖాళీలో నుండి దగ్గు వచ్చింది, బొంగురుగా, స్పష్టంగా, పక్కనే కూర్చుని దగ్గినట్టు.

ఆయన వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. నడిచింది, ఎక్కింది, మాయమైంది. దగ్గు.

"టేపు పాడైపోయింది," అన్నాడు, భార్య వైపు తిరిగి.

ఆమె కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయి. మడిచిన దుప్పటి మీద ఆమె వేలు తాళం వేస్తోంది. ఆ దగ్గు తరువాత కూడా వేస్తూనే ఉంది. ఆయన ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

"పాడవడమేంటండీ," అంది ఆమె కళ్ళు తెరిచి. "వాయిస్తూనే ఉన్నాడు కదా."

ఆమె లేచి వచ్చి, టేపు ఆపి, ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది. "వంటింట్లోంచి పిలిస్తే మీరు పలకడం మానేసి చాన్నాళ్ళయింది. నామీద ఏదో కోపం అనుకున్నాను. అడగడానికి మొహం చెల్లలేదు."

"కోపమా? నీమీద నాకు కోపమెందుకుంటుంది?"

"అదే మరి. ఎందుకుంటుందా అని నేనూ ఆలోచిస్తూనే ఉన్నాను," అంది, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి.

మర్నాడు ఉదయం కార్యాలయం ఆవరణలో తల వంచుకుని నడుస్తుండగా ఎవరో ఆయన జబ్బ పట్టుకుని పక్కకు లాగారు. ఒక కారు వెనుక భాగం ఆయన చొక్కా అంచును రాసుకుంటూ వెళ్ళింది. లాగినవాడు వాచ్‌మన్. విచారణకని ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. ఈల ఇంకా పళ్ళ మధ్యనే ఉంది. రెండు బుగ్గలూ బూరెల్లా పొంగి ఉన్నాయి. మెడ నరాలు తేలి ఉన్నాయి. అంత బలంగా ఊదుతున్నాడు. ఆవరణ మాత్రం మాటుమణిగి ఉంది.

ఆయన తిన్నగా టైపిస్టు బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఆ పెన్ను తియ్యమ్మా."

ఆమె సొరుగు తెరిచింది.

"నొక్కు."

బొటనవేలు దిగింది, లేచింది.

"ఇంకోసారి."

దిగింది, లేచింది.

"అసలు ఎప్పుడైనా మానావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మీకు కోపం తెప్పిద్దామని ఇంకా గట్టిగా నొక్కేదాన్ని గురువుగారూ. మీరు తిట్టకపోతుంటే, పంతం పట్టారనుకున్నా."

ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు గుర్తుకు వచ్చింది నోటీసులోని ఆఖరి వాక్యం. పెద్దసారుకు మతిమరుపు లేదు. అటు తిరిగి ఏదో అన్నాడు; ఆ ఖాళీలో ఏం పడాలో చేతికి అలవాటు ఉంది కనుక, చెయ్యే వ్రాసుకుపోయింది. ఈ కార్యాలయంలో ఉత్తరాలన్నీ ఒక అచ్చులో పోసినవే. ఎన్ని ఖాళీలు అలా నిండాయో, ఎందరి విషయంలో నిండాయో, ఎవరికీ తెలియదు. అన్నింటి కింద సంతకాలు పడ్డాయి. ఈరోజు వాచ్‌మన్ సన్నని గొంతుతో తాళంచెవి సంగతి చెబుతాడు. విచారణలన్నీ ఏ వాక్యంతో ముగుస్తాయో ఆయన చేతికి బాగా తెలుసు: "సదరు ఉద్యోగి తన నిర్లక్ష్యాన్ని అంగీకరిస్తూ..." అని.

నోరు మూసుకుని కూర్చుంటే ఎవరూ కనిపెట్టలేరు. చెబితే కింది అంతస్తులోని పాత కాగితాల గదికి పంపుతారు. అక్కడికి దిగినవారిని పైన ఎవరూ తలుచుకోరు. ఒకప్పుడు తానూ తలుచుకోలేదు.

ఆయన లేచి పెద్దసారు గదిలోకి వెళ్ళాడు. తలుపు బయట బల్ల మీద వాచ్‌మన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సార్, విచారణకు నన్ను పెట్టకండి. నాకు సరిగా వినబడడం లేదు."

పెద్దసారు పచార్లు ఆపి దగ్గరకు వచ్చాడు. లావుపాటి గొంతు కనుక, దగ్గర నుండి చెబితే తెలుస్తోంది. "వినబడకుండానే ఇన్నాళ్ళూ రాశారా? ఒక్క తప్పు రాలేదే."

"నా భయం కూడా అదే సార్. ఆ నోటీసులో ఆఖరి వాక్యం మీరు చెప్పింది కాదు. నేను వేసింది. దయచేసి తీసేయించండి."

"సంతకమైపోయింది." పెద్దసారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. "చూడండి. వాడేం చెప్తాడో నాకు తెలుసు. ఏం రాయాలో మీకు అలవాటే. మీరే కూర్చోండి. కొత్తవాళ్ళను కూర్చోబెడితే చెప్పిందంతా రాసేస్తారు."

ఆ మాటలలో ఒక్కటి కూడా మసకబారలేదు. అన్నీ వినబడ్డాయి. ఆయన జేబులోని పెన్సిలు తీసి, పెద్దసారు బల్ల మీద, కాగితాల పైన పెట్టాడు.

"టైపిస్టు అమ్మాయికి ఇప్పించండి సార్. ఆ పిల్ల చేతిలో పెన్ను ఊరుకోదు."

పెద్దసారు మొహంలో నవ్వు మెల్లగా సద్దుమణిగింది. ఏమీ అనలేదు. లేక, అన్నాడేమో. తరువాత ఉన్నట్టుండి చెయ్యి చాచి బల్ల మీది ఫోను ఎత్తాడు. అంటే, అది మోగి ఉంటుంది. రిసీవరు చెవికి ఆనించుకుని కిటికీ వైపు తిరిగి మాట్లాడసాగాడు. మధ్యలో ఒకసారి స్టెనో వైపు చూశాడు. ఒకసారి తలుపు వైపు, వాచ్‌మన్ కూర్చుని ఉన్న వైపు, చూశాడు. మీసం కింద పెదవులు కదులుతూనే ఉన్నాయి.

అర్జీల మీద అర్జీలు పెట్టుకుని కోరిన ప్రశాంతతలో, ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.