ఆ తలుపు తీయాలా, వద్దా

మొన్న కరీంనగర్‌లో మ్యాట్నీ చూసి బయటికి వస్తుంటే, మెట్ల కింద ఒక కుర్రాడు మైకు తెచ్చి నా మూతి దగ్గర పెట్టి, ఇంకో చేత్తో ఫోను ఎత్తి పట్టుకుని, "మేడం, సెకండ్ పార్ట్ ఎట్లనిపించింది?" అని అడిగాడు. చచ్చినవాళ్లు లేచి తిరిగే సినిమా అది, ఇప్పుడు వాళ్లను జాంబీలంటారట. డెబ్భై దాటిన ముసలిది, మోకాలికి పట్టీ, చేతిలో గుడ్డసంచితో ఒక్కతే వచ్చి అటువంటి సినిమా చూసి పోతుంటే ఆ పిల్లవాడికి ముచ్చటేసి ఉంటుంది. చుట్టూ ఉన్న కాలేజీ పిల్లలు కూడా నన్ను చూసి నవ్వుకున్నారు. నేను ఏదో చెప్పాను, ఆటో ఎక్కాను. ఏం చెప్పానో తర్వాత రాస్తాను. ఇటువంటి సినిమా రెండో భాగం చూశాక నా అభిప్రాయం ఏమిటని ఎవరైనా ఒక్కరు నన్ను అడగాలని, నలభై ఏళ్ల కింద చెన్నూరులో నేను ఎంత ఎదురుచూశానో ఆ పిల్లవాడికి ఎట్లా తెలుస్తుంది!

మా అత్తగారిల్లు హుజూరాబాద్ పక్కన. పెళ్లయిన రెండో ఏడే ఆయన పచ్చకామెర్లతో పోయాడు. పుట్టింటికి తెచ్చి మూలన కూర్చోబెట్టకుండా మా బాపు నన్ను మళ్లీ చదివించాడు, ఆ పుణ్యం ఆయనది. ఉద్యోగం వచ్చిందని సంతోషపడేలోపే చెన్నూరు ఆడపిల్లల బడికి వేశారు. గోదావరి అవతల, అప్పటికి ఆదిలాబాద్ జిల్లా, మా వైపు వాళ్లకు అది దేశాంతరమే. నా వయసు వాళ్లలో అట్లా ఊరుగాని ఊరికి పోయి, ఒక్క గదిలో ఒక్క గిన్నె బియ్యం వండుకుని బతికిన ఆడవాళ్లుంటే వాళ్లకు ఆదివారం మధ్యాహ్నం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బడి ఉన్న రోజు పిల్లల అరుపుల్లో గడిచిపోతుంది, ఆదివారం మాత్రం కుక్కర్ విజిల్ కూడా మనిషి పలకరింపులాగే వినిపిస్తుంది.

నేను కిరాయికి ఉన్నది ఒక ముస్లింల ఇంటి వెనక గదిలో. ఇంటావిడను ఊరంతా ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు ఖాలా అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. ఆమె భర్తకు బజారులో గాజుల దుకాణం, పొద్దంతా అక్కడే. కొడుకు మస్కట్‌లో తాపీ పని, కోడలు ఇక్కడ. పెళ్లయ్యాక ఒక్క వాన కాలం కాపురం చేసి పోయినవాడు మళ్లీ రాలేదు, బిడ్డ పుట్టి నడక నేర్చినా తండ్రిని చూడలేదు. ఆ కోడలు నన్ను అక్కా అన్నట్టు ఆపా అనేది. వాళ్లిద్దరూ ఒకరికొకరు రాసుకునేది తక్కువ, మాటలు క్యాసెట్లో రికార్డు చేసి, సెలవుల మీద వచ్చిపోయేవాళ్ల చేత పంపుకునేవాళ్లు. ఆ పిల్ల తలుపేసుకుని టేపురికార్డరు ముందు కూర్చుని తక్కువ గొంతుతో మాట్లాడుతుంటే, నేను వాకిట్లో బట్టలారేసుకుంటూ వినకూడదనుకుంటూనే వినేదాన్ని.

అట్లా వచ్చిపోయే ఒక మనిషి చేతనే కొడుకు ఒక డెక్కు, అంటే వీసీఆర్, ఒక డబ్బా నిండా క్యాసెట్లు పంపాడు. ఇంకేముంది, ఆదివారం మధ్యాహ్నం ఆ వాడకట్టు ఆడవాళ్లంతా ఖాలా ఇంట్లోనే. ఎవరి ఒళ్లో వాళ్లకు చేట, చేటలో తునికాకు, తంబాకు, చేతులు బీడీలు చుడుతుంటే కళ్లు టీవీ మీద. హిందీ సినిమాలన్నీ అయిపోయాక ఒక ఆదివారం డబ్బా అడుగున మిగిలిన క్యాసెట్టు పెట్టారు. అది ఇంగ్లీషు సినిమా, కింద అరబ్బీ అక్షరాలు. ఖాలాకు అరబ్బీ చదవడం వచ్చుగానీ అర్థం తెలియదు, పైకి చదివి ఊరుకునేది. ఇక అందరూ నావైపు తిరిగారు. నాకొచ్చిన ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకంలోది, వాళ్లు మాట్లాడేదేమో గాలి వేగం. అయినా దొరికిన నాలుగు ముక్కలకు బొమ్మ చూసి తోచిన ఆరు ముక్కలు కలిపి చెప్పుకుంటూ పోయాను. చెన్నూరుకు పోయాక నా మాట కోసం పెద్దవాళ్లు చెవి పెట్టడం అదే మొదలు, ఆ గర్వం నాకిప్పటికీ గుర్తుంది.

కథ ఇంతే. ఒక ఊళ్లో ఏదో రోగం వస్తుంది. చచ్చినవాళ్లు లేచి, బతికున్నవాళ్లను కొరుకుతూ తిరుగుతారు, కొరికించుకున్నవాళ్లు మళ్లీ అట్లాగే అవుతారు. ఖాలా వాళ్లను ముర్దాలంది, అదే పేరు ఖాయమైంది. వాళ్ల నడక చూసి కల్లు కాంపౌండు నుంచి వచ్చే మొగవాళ్లలాగే ఉన్నారని ఒకావిడ అనగానే అందరం పడీ పడీ నవ్వాం. అయితే చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఒక ఇంట్లో ఒక ఆడమనిషి ఒంటరిగా తలుపు గడియ పెట్టుకుని, వీపు ఆనించి నిలబడుతుంది. బయట ఆమె భర్త. చచ్చిపోయి లేచి, దారి మరిచిపోకుండా తన ఇంటికే వచ్చి, గోళ్లతో తలుపు గీరుతుంటాడు. ఆమె చెయ్యి గడియ మీదికి పోతుంది. అక్కడితో సినిమా అయిపోయింది.

ఆ రోజు చుట్టిన బీడీలన్నీ వదులేనట, కంపెనీవాడు సగం తిప్పి పంపాడని తర్వాత తెలిసింది. వాడకట్టుకు మాత్రం ఏడాదికి సరిపడా ముచ్చట దొరికింది. తలుపు తీయాలా, వద్దా? ఖాలాది కచ్చితమైన మాట. "ముర్దా అంటే ముర్దానే. మొగడైతేంది, కొడుకైతేంది? మట్టిలకు పోయినంక మల్ల గడప తొక్కనియ్యొద్దు." కోడలిది మధ్య మాట. "నేనైతే తలుపు ఎనుకకెల్లి మాట్లాడిపిస్త. నా పేరు వెట్టి పిలిస్తె తీస్త, పిలువకుంటె తియ్య." ఎదురింట్లో ఒక పెద్దవ్వ ఉండేది, మనిషి బక్కది గానీ గొంతు పెద్దది. ఆమె అన్న మాట నేను ఈనాటికీ మరువలేదు. "వాళ్లకు ఎవ్వలన్న పిట్టకు వెట్టిండ్రా? లే. కడుపుల ఆకలితోని లేసిండ్రు, దొరికినోన్ని కొరుకుతుండ్రు. గామె తలుపు దీసి గింత బువ్వ వెడితే వాడెందుకు కొరుకుతడు?"

పిట్టకు పెట్టడం మనవైపు అందరికీ తెలిసిందే. పోయిన మూడో నాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. మా ఆయనకు పెట్టిన నాడు కాకి ముట్టలేదు. మేకకూర పెట్టారు, కల్లు పెట్టారు, సిగరెట్టు ముట్టించి పెట్టారు, తమ్ముణ్ని చదివిస్తామన్నారు, పొలం అమ్మబోమన్నారు, ఎన్ని మాటలిచ్చినా కాకులు చెట్టు మీదే కూర్చున్నాయట. ఎండ నెత్తికెక్కాక విసిగిపోయి ఆవుకు పెట్టి ఇంటికొచ్చారు. నన్ను అక్కడికి తీసుకుపోలేదు, లోపలి అర్రలో కూర్చోబెట్టారు. ఆయనకు బియ్యప్పిండితో చేసే సర్వపిండి అంటే ప్రాణం, అదీ అంచులు కాస్త మాడితేనే. మాడిన అంచులన్నీ విరిచి ముందు తినేవాడు, మధ్యది నాకు మిగిల్చేవాడు. ఆ సంగతి లోకంలో తెలిసింది నాకొక్కదానికే. మనిషికి ఏది ఇష్టమని అందరూ ఒకరినొకరు అడుగుకున్నారు, నన్ను మాత్రం అడగలేదు. పంతొమ్మిదేళ్ల పిల్లను, నా అంతట నేను లేచి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

చెన్నూరులో అందరూ తమ తమ మాట చెబుతుంటే నేను తెలుగు చేసి చెప్పిన మనిషిగా మధ్యలో కూర్చుని వింటూ ఉండేదాన్ని. బడి నుంచి వస్తుంటే వాకిళ్లలో అదే చర్చ, నన్ను చూడగానే గొంతులు తగ్గేవి. చచ్చిన మొగడు తిరిగొస్తే ఏం చేస్తావని విధవరాలిని ఎవరు అడుగుతారు? వాళ్లది మంచితనం, కాదనను. పండక్కి గాజులు పంచుతుంటే నా ముందు పళ్లెం చటుక్కున పక్కకు జరిపేవాళ్లు, నా మనసు నొచ్చుకోవద్దనే. కానీ ఆ మంచితనం మధ్య నేను ఎంత ఒంటరిదాన్నో, రాత్రి గదిలో దీపం తీసేశాక గోడకు తిరిగి పడుకున్నప్పుడు తెలిసేది. ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కరు అడిగితే చాలు, ఆయన పేరెత్తి ఒక్క మాట నేనూ చెప్పుకుంటాను కదా అనిపించేది.

దీనికి రెండో భాగం కూడా ఉందని డెక్కు తెచ్చిన మనిషి చెప్పాడు. కోడలు తన మాటల క్యాసెట్లో బిడ్డ ముచ్చట్లన్నీ చెప్పి, చివరికి ఆ రెండో పార్టు తప్పకుండా పంపమని చెప్పింది. అది వచ్చేసరికి దాదాపు ఏడాది పట్టింది. వచ్చిన ఆదివారం ఖాలా ఇంట్లో కాలు పెట్ట సందు లేదు. ఈసారి ఎవరూ చేటలు తేలేదు. నేను టీవీ పక్కన పీట మీద కూర్చున్నాను. తలుపు దగ్గరి ఆమె గడియ తీసిందో లేదో చూశాక, ఆ సందడిలో ఎవరో ఒకరు నన్ను తప్పకుండా అడుగుతారని నా మనసు ముందు నుంచే గట్టిగా చెబుతోంది. ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చి పెట్టుకున్నాను.

ఆమె అసలు ఆ సినిమాలోనే లేదు. వేరే ఊరు, వేరే మనుషులు, తుపాకులు, సిపాయిలు, మొదటిదానికి పది రెట్లు ముర్దాలు. సగం దాకా ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుందని చూశాం. సినిమా అయిపోయి తెర మీద చుక్కలు చుక్కలు పడ్డాక పెద్దవ్వ లేచి నిలబడింది. "గామె ఏది? గా తలుపు కాడి పిల్ల ఏది? ఇది రెండో పార్టు గాదు, మనల మోసం జేసిండ్రు." ఇక అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. సిపాయిల గొడవ మనకెందుకని ఒకరు, మొదటిదాంట్లో భయముండె దీంట్లో నెత్తురు తప్ప ఏం లేదని ఒకరు, తీసినోనికి సగం కథ యాది లేదని ఇంకొకరు. కోడలు మాత్రం బిడ్డను గుండెకు పట్టుకుని ఏడ్చింది. "ఆమె సంగతి ఎవ్వలకు పట్టలే ఆపా. తలుపు ఎనుక నిలవడ్డది నిలవడ్డట్టే ఉన్నది" అంది.

అప్పుడు పెద్దవ్వ నా వైపు తిరిగి, "పంతులమ్మా, గిన్నొద్దులు మాకు కథ జెప్తివి గని, నువ్వైతే..." అంది. నేను పీట మీంచి ముందుకు వంగాను. అంతలోనే ఖాలా ఆమె మోచెయ్యి పట్టి నొక్కడం చూశాను. పెద్దవ్వ నాలుక కరుచుకుంది. ఖాలా కోడలివైపు తిరిగి, జర అందరికి చాయ్ పెట్టు బిడ్డా అంది. గ్లాసులు చప్పుడయ్యాయి, మాటలు మళ్లీ సిపాయిల మీదికి పోయాయి. నా చేతికి వచ్చిన చాయ్‌లో చక్కెర ఎప్పటికంటే ఎక్కువ వేశారు, అది కూడా మంచితనమే. తాగి, గ్లాసు కడిగి పెట్టి, నా గదికి పోయాను.

మరుసటి ఏడు ఖాలా కొడుకు వచ్చాడు. పొద్దుటి బస్సు దిగి, నెత్తి మీద పెట్టెలతో వచ్చి తలుపు కొడితే, కోడలు లోపలి నుంచి గడియ తీయలేదు. వాడు గాబరాపడి పేరు పెట్టి పిలిచాడు. ఇంకోసారి పిలిపించుకుని అప్పుడు తీసింది. ఎదురింటి గడపలో పెద్దవ్వ, వాకిట్లో ఖాలా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నాలుగు రోజులకు నాకు ట్రాన్స్‌ఫర్ కాగితం వచ్చింది, ఆ ఊరు మళ్లీ పోలేదు.

ఈ మ్యాట్నీకి పోయే ముందు రోజు పక్కింటి పిల్ల ఈ సినిమా సంగతి చెబుతూ, మొదటి భాగం చూడకుండా రెండోది చూస్తే ఏం అర్థమవుతుంది అమ్మమ్మా అని నవ్వింది. మొదటిది నేను ఎప్పుడో చూశానమ్మా అన్నాను. మైకు పెట్టిన పిల్లవాడితో నేను చెప్పిన మాట కూడా ఆనాడు పీట మీద మనసులో కూర్చి పెట్టుకున్నదే. "తలుపు తీయాలె బిడ్డా. తీసి, ముందుగాల కడుపుకింత పెట్టాలె. ఆయనకు ఏది ఇష్టమో ఆమెకే ఎరుక." వాడు నవ్వి, "ఏ తలుపు మేడం?" అన్నాడు. నేను చెప్పబోయేలోపే మైకు నా వెనకాల వస్తున్న పిల్లల దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రం పక్కింటి పిల్ల ఆ వీడియో వెతికి చూపించింది. ఎంతమందో! మొదటి పార్టే నయమన్నవాళ్లు, పైసా వసూల్ అన్నవాళ్లు, మెట్లు దిగకముందే అందరికీ ఒక అభిప్రాయం ఉంది, అందరినీ అడిగేవాడూ ఉన్నాడు. నా ముక్క మాత్రం తీసేశారు. సినిమాలో లేని తలుపు గురించి చెబితే ఎట్లా పెడతారు, వాళ్ల తప్పేం లేదు. ఆ పిల్ల పోయాక, ఒక్కదానికి ఇంత పని ఎందుకని ఏళ్లుగా మానేసిన సర్వపిండి కలిపి, పల్లీలు వేసి, గిన్నెకు ఒత్తి, అంచులు మాడేదాకా పొయ్యి మీదే ఉంచాను. మాడిన ముక్కలన్నీ విరిచి బాల్కనీ గోడ మీద పెట్టి లోపలికి వచ్చి నిలబడ్డాను. మా వీధిలో చెట్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాక కాకులు రావడం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కాసేపటికి రెండు పావురాలు వచ్చి వాలాయి. చూసి, ముట్టకుండానే ఎగిరిపోయాయి.