శాలువాకు ఆగని ఐస్ డబ్బా

యూనివర్సిటీలో డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నా ఆఖరి ఏడాది, మే నెలలో, నన్నొక ఎంపిక కమిటీకి సభ్య కార్యదర్శిగా వేశారు. క్యాన్సర్ పరిశోధనలోకి కొత్తగా వచ్చిన యువ శాస్త్రవేత్తలకు ఇచ్చే ఫెలోషిప్ అది. పల్లెల నుంచి, వెనుకబడిన వర్గాల నుంచి వచ్చినవాళ్లకే ఇవ్వాలన్నది నిధి ఇచ్చిన ట్రస్టు షరతు. సభ్య కార్యదర్శికి ఓటుండదు. కార్లు మాట్లాడడం, భోజనాలు చెప్పడం, చివర్లో మినిట్స్ రాయడం ఆయన పని.

పల్లె ప్రతిభను హైదరాబాద్‌లో కూర్చుని కొలవలేమని చైర్మన్ గారు తేల్చారు. అందుకని చైర్మన్ గారితో కలిపి ముగ్గురు ప్రొఫెసర్లు, నేను, ఒక అభ్యర్థి పని చూడడానికి రెండు ఏసీ కార్లలో మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లుకు చేరాం.

అభ్యర్థి పేరు స్వరూప. నేరేడుచర్ల అమ్మాయి, హమాలీ కూతురు. గుట్కా నమిలే హమాలీల లాలాజలంలో నోటి క్యాన్సర్ జాడ పుండు పడకముందే దొరుకుతుందా అన్నది ఆమె పరిశోధన. ఫెలోషిప్ రాకపోతే నెలాఖరుకు ల్యాబ్‌లో ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది, పని సగంలో ఆగుతుంది. కోచింగ్ సెంటర్ వాళ్లు బయాలజీ చెప్పమని అప్పటికే పిలుస్తున్నారు.

మిల్లులో ఒక హమాలీ పెద్దాయన, నమూనా కోసం ఆమె ఇచ్చిన చిన్న గొట్టం చేతిలో పట్టుకుని మా కార్లవైపు చూశాడు. "ఉమ్మి పట్టుకపోనీకె గింతమంది వచ్చిండ్రా బిడ్డా?"

"వాళ్లు నన్ను సూడనీకె వచ్చిండ్రు పెద్దనాయనా. నువ్వు ఉమ్ము" అన్నది స్వరూప.

గొట్టాలను ఐస్ డబ్బాలో సర్దింది. ఐస్ కరిగేలోగా అవి సూర్యాపేట ల్యాబ్‌లోని ఫ్రీజర్‌కు చేరాలి, లేకపోతే పారబోయడమే. నేరుగా పోతే ఇబ్బంది లేదు. అయితే ఇంటర్వ్యూకు ఏసీ హాలు కావాలి కాబట్టి ముందు కోదాడలోని ఒక ప్రైవేటు కాలేజీకి పోయాం.

ఇంటర్వ్యూ తొందరగానే అయింది. అసలు కార్యక్రమం తర్వాత మొదలైంది. పెద్దవాళ్లు గడప తొక్కాక శాలువా కప్పకుండా పంపితే మా వైపు పరువు తక్కువ. మే నెల ఎండల్లో ముగ్గురికీ మందపాటి శాలువాలు కప్పారు. ఫొటో సరిగా రాలేదని చైర్మన్ గారికి మళ్లీ కప్పారు. స్వరూపను కూడా వేదికమీద కూర్చోబెట్టి, మట్టిలో మాణిక్యమని ప్రిన్సిపాల్ పొగిడాడు. చైర్మన్ గారు మైకు అందుకుని, యువ శాస్త్రవేత్తల దారిలో అడ్డంకులు తొలగించాలని సుదీర్ఘంగా చెప్పారు. ఆమె కుర్చీ కిందున్న డబ్బా నుంచి నీళ్లు కారుతున్నాయి.

స్వరూప నావైపు వంగి, "ఐస్ కరుగుతున్నది సార్, నేను పోవాలె" అన్నది. ప్రిన్సిపాల్ చెవిలో వేశాను. "ఒక్క ఐదు నిమిషాలండీ, అమ్మాయికీ శాలువా తెప్పించాం" అన్నాడాయన.

ఆమె లేచి సభకు దండం పెట్టి, డబ్బా ఎత్తుకుని, చైర్మన్ గారి ముందునుంచే దిగి వెళ్లిపోయింది. సూర్యాపేట బస్సెక్కిందని తర్వాత తెలిసింది. ఆమె శాలువా ప్రిన్సిపాల్ చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో కమిటీ కూర్చుంది. ప్రతిభ ఉంది గానీ పెద్దలంటే గౌరవం లేదు, తిరస్కరిద్దాం అన్నారు చైర్మన్ గారు. నాకు ఒళ్లు మండింది. ఓటు లేనివాడు మండినా వినయంగానే మండాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అభ్యర్థికీ ట్రస్టుకీ పంపాలన్నది నియమమని గుర్తుచేశాను. "'నమూనాలు పాడవకుండా కాపాడుకోవడానికి సన్మానం మధ్యలో వెళ్లిపోయినందున' అని రాయమంటారా సార్?" అని అడిగాను.

ఒక ప్రొఫెసర్ గారికి దగ్గు వచ్చింది. టీ తాగాక స్వరూప ఏకగ్రీవంగా ఎంపికైంది. నమూనాలన్నీ భద్రంగా ఫ్రీజర్‌కు చేరాయని పొద్దున ఆమె ఫోన్ చేసింది.

కొన్నాళ్లకు నా పదవీ విరమణ సభకు ఆమెను పిలిచాను. ఆ రోజు మిల్లులో నమూనాలు తీసేది ఉందని రాలేదు. నాకు మాత్రం శాలువాలు కప్పారు. కొత్త శాస్త్రవేత్తకు డబ్బు ఎంత అవసరమో, పనివేళలో ఆమెను తన పనికి వదిలిపెట్టడమూ అంతే అవసరమని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. ఈ రెండోదానికి ఏ ట్రస్టూ నిధులు మంజూరు చెయ్యనక్కర్లేదు.